కుడి అంచు పైకి

ఇది ఎప్పుడో రాయవలసింది. మొదట నాకు అక్షరాలు రావు. వేలిముద్ర వేసి కువైట్ వచ్చినదాన్ని. ఇప్పుడు నేనుండే బ్నీద్ అల్ గార్‌లో మా గదికి పైఅంతస్తులో ఒక నర్సమ్మగారు ఉంటారు. మా కోనసీమ మనిషే. శుక్రవారం సాయంత్రం తన గదిలో చాప పరిచి మాలాంటివాళ్ళకు చదువు చెబుతారు. జుట్టు నెరిశాక అక్కడ అఆలు దిద్దాను. అక్షరాలు వచ్చాక కూడా రాయలేదు. నేను పనిచేసిన ఇంటి యజమానురాలు బతికి ఉంది, నేను ఇంకా ఈ దేశంలోనే ఉన్నాను. ఎవరో చదివి ఎవరికో చెబితే నా బతుకు ఏమవుతుందోనని భయపడ్డాను. ఈమధ్య ఆమె పోయింది. ఇక రాయవచ్చు.

ఆమె పేరు మాత్రం రాయను. ఇళ్ళలో పనిచేసే మేమంతా యజమానురాలిని మామా అంటాం, అరబ్బీలో అమ్మ అని. సబా అల్ సలేంలో ఆమె ఇంట్లో చేరిన రోజున నన్ను పైనుంచి కిందికి చూసి, "కుమారి" అంది.

"కాదు మామా, సత్యవతి."

"కుమారి" అంది మళ్ళీ, నేనేదో తప్పు చెప్పినట్టు.

ఆ ఇంట్లో మొట్టమొదట పనిచేసిన సింహళ అమ్మాయి పేరట అది. తర్వాత ఏ దేశం మనిషి చేరినా కుమారే. వంటచేసే రాయచోటి ఖాదర్‌బీని ఒక్కదాన్నే సొంత పేరుతో పిలిచేది. ఆ పేరు ఆమె నోటికి తేలిగ్గా తిరిగేది కాబట్టి. అన్నేళ్ళు నా పేరు పలకని మనిషి పేరు నేనెందుకు రాయాలి?

ఆమె చెయ్యి గుర్తుంది. తెల్లగా, బొద్దుగా, ఉంగరాలు చర్మంలోకి దిగబడి ఉండేవి. ఆ చేతిలో ఎప్పుడూ ఫింజాన్ ఉండేది. అంటే ఇక్కడివాళ్ళు కాఫీ తాగే పిడిలేని చిన్న కప్పు. తాగేవాళ్ళు ఇక చాలు అనుకుంటే కప్పును వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపుతారు. ఊపేదాకా పక్కన నిలబడి పోస్తూనే ఉండాలి. అది ఇక్కడి మర్యాద. మామా ఆ మర్యాదను మనుషుల మీద కూడా వాడేది. ఎవరైనా ఆమెకు నచ్చని మాట ఎత్తితే ఖాళీ కప్పు ఊపేది. కూతుళ్ళు కూడా మాట మధ్యలో ఆగిపోయేవారు. నాకు జ్వరంగా ఉందని చెప్పినప్పుడు ఊపింది. మా తమ్ముడు పోయాడని ఫోన్ వచ్చి నేను వంటింటి గడపలో కూలబడితే, అక్కడిదాకా నడిచి వచ్చి మరీ ఊపింది.

కళ్ళజోడు మసకబారితే నేను వేసుకున్న ఓణీ కొంగు లాక్కుని తుడుచుకునేది. ఓణీ నా మెడమీద ఉండేది, నేను వంగి నిలబడేదాన్ని. ఉడికించిన గుడ్డులో పచ్చసొన తిని తెల్లసొన నా పళ్ళెంలో పడేసేది. అది దయ అని ఆమె నమ్మకం.

వీటన్నిటికంటే నాకు పడనిది ఇంకోటి ఉంది. ఏదైనా చెడ్డపని చేశాక ఆమె నన్ను పిలిచి అందరి ముందూ అడిగేది.

"నేను చెడ్డదాన్నా? చెప్పు."

"లేదు మామా, మంచిదానివి" అనాలి. అనేదాకా పంపదు. సెలవురోజు బయటికి వెళ్ళకుండా గేటుకు తాళం వేసి అడిగింది. నా ఫోన్ లాక్కుని సొరుగులో పడేసి అడిగింది. నేను మంచిదానివి అన్నాక తేలిగ్గా నిట్టూర్చి, సోఫాలో వాలి నిద్రపోయేది. కొట్టేవాళ్ళ ఇళ్ళలో పనిచేసినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళెవరికీ తమను కొట్టిన మనిషిని మంచిదని చెప్పవలసిన అవసరం పడలేదు.

ఇక జపాన్ సంగతి.

మామాకు మోకాళ్ళ నొప్పులు. ఆమె కలిసి కూర్చునే ఆడవాళ్ళలో ఒకావిడ జపాన్ వెళ్ళి వచ్చి, అక్కడ కొండల్లో వేడినీళ్ళ ఊటలున్నాయని, అందులో దిగితే కీళ్ళు వదులవుతాయని చెప్పింది. ఫోటోలు కూడా చూపించింది. ఆ ఫోటోలే మామాను లేపాయి. పెద్దకూతురు ఏర్పాట్లు చేసింది. మోయడానికి, పిసకడానికి నేను.

అప్పటికి మా దుర్గ కడుపుతో ఉంది. తండ్రి లేని పిల్ల, తొలికాన్పు. తొలి పురుడు పుట్టింట్లో పొయ్యాలి, పుట్టిల్లంటే నేనే. సెలవు కావాలని అడిగాను. మామా ఆ రోజు కప్పు ఊపలేదు.

"జపాన్‌కు నాతో రా. నా మోకాళ్ళకు నీ చేతులు కావాలి. తిరిగి రాగానే నీ టికెట్ నేనే తీస్తాను. వల్లా."

దేవుడి మీద ఒట్టు పెట్టింది. నేను దుర్గకు ఫోన్ చేసి చెప్పాను. "నిజంగా వత్తావా అమ్మా?" అంది. "నీ మీదొట్టు" అన్నాను. మామా ఒట్టును నమ్ముకుని నేను ఒట్టు వేశాను.

అది కొండల దేశం. ఎక్కడ చూసినా నిటారుగా ఆకాశంలోకి పోయిన దేవదారు చెట్లు. వాటి మధ్య నుంచి పాతకాలం యాత్రికులు నడిచిన రాతి మెట్ల దారి. రాళ్ళ మీద నాచు. నాలుగడుగులకు ఒక చిన్న గుడి. తెల్ల బట్టలు, వెదురు టోపీలు, చేతికర్రలతో జనం ఇప్పటికీ నడుస్తున్నారు. మా శబరిమల వాళ్ళు గుర్తొచ్చారు. నాకు చెప్పులు విప్పి నడవాలనిపించింది. కానీ నా భుజాన మామా సంచి, ఆమె మడత కుర్చీ, కాఫీ ఫ్లాస్కు, ఖర్జూరాల డబ్బా, నమాజు చేసుకునే జానమాజు చాప ఉన్నాయి.

మామా కాస్త దూరం ఎక్కి కుర్చీ వెయ్యమంది. దారికి అడ్డంగా వేయించుకుంది. యాత్రికులు పక్కనుంచి ఒదిగి ఒదిగి వెళుతూ కూడా తలవంచి నమస్కారం చేశారు. ఆమె కప్పు ఊపింది. వాళ్ళకది అర్థం కాక మరోసారి వంగారు.

"మర్యాద తెలిసినవాళ్ళు" అంది నాతో. "చూసి నేర్చుకో."

ఆ మలుపులో పసిపిల్లాడి ముఖంతో ఒక రాతి బొమ్మ ఉంది. మెడకు ఎర్రగుడ్డ కట్టారు, చంటిపిల్లలకు చొంగగుడ్డ కట్టినట్టు. పెద్దకూతురు ఫోన్‌లో చదివి, పిల్లల్ని కాచే దేవుడట, తల్లులు మొక్కుకుంటారట అంది. నేను సంచి దించి చేతులు జోడించాను. దుర్గ క్షేమంగా రెండు ప్రాణాలై లేవాలని మొక్కాను. కళ్ళు తెరిస్తే మామా నా వైపే చూస్తోంది.

"ఏం అడిగావు ఆ రాయిని?"

"మా అమ్మాయి కోసం మామా."

"నా ముందు అలాంటివి చెయ్యకు." అని కళ్ళజోడు తుడుచుకోవడానికి నా కొంగు లాక్కుంది.

జలపాతం దగ్గర నారింజరంగు గోపురం ముందు పెద్దకూతురు నన్ను ఒక్కదాన్నే నిలబెట్టి ఫోటో తీసింది. "నవ్వు" అంది మామా. "ఏడుపు ముఖం పెడితే నేను నీకు తిండి పెట్టడం లేదనుకుంటారు జనం." నవ్వాను. ఫోటో బాగా వచ్చింది. గొప్పగా అనిపించి దుర్గకు పంపించాను కూడా.

వేడినీళ్ళ ఊరు ఒక లోయలో ఉంది. ఊరంతా కుళ్ళిన గుడ్ల వాసన, ఆ నీళ్ళదే. వాగు పక్కన ఊట నుంచి పొగలు వస్తుంటే జనం వలసంచుల్లో గుడ్లు కట్టి అందులో దించి ఉడికించుకుంటున్నారు. మేమూ దించాం. అన్ని వేల మైళ్ళు దాటి వెళ్ళినా పచ్చసొన ఆమెకు, తెల్లసొన నాకు.

మేం దిగింది చాపలు పరిచిన గదుల సత్రం. నడిపేది ఒక ముసలావిడ. స్నానానికి మాకు మాత్రమే గడియ పెట్టుకునే గది ఇచ్చింది. నేను మామాను చిన్న పీట మీద కూర్చోబెట్టి రుద్ది, మెల్లగా నీళ్ళలోకి దింపాను. మోకాళ్ళు మునిగాక ఆమె ముఖం వదులైంది.

"మీ అమ్మాయికి ఎప్పుడు?" అంది చివరికి.

చెప్పాను.

"ఇక్కడ ఉన్ని టోపీలు అమ్ముతున్నారు. పుట్టేవాడికి ఒకటి కొందాం."

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. ఆమె మీద నాకు కోపం లేని సమయం ఏదైనా ఉంటే, ఆ పొగలో గడిచిన కాసేపే.

స్నానం అయ్యాక సత్రంవాళ్ళు ఇచ్చిన పొడుగాటి నూలు అంగీ కట్టాలి. దానికి గుండీలుండవు. రెండు అంచులూ ముందుకు తెచ్చి ఒకదాని మీద ఒకటి వేసి నడుముకు పట్టీ చుట్టాలి. మామాను నిలబెట్టి నేనే కట్టాను. ఎటుది పైకి రావాలో నాకెవరు చెప్పారు? చిన్నప్పటి నుంచి చీర కట్టిన చేతులు. పమిట కుడి నడుము మీంచి వచ్చి ఎడమ భుజం ఎక్కుతుంది. ఆ అలవాటునే ఎడమ అంచు లోపలికి పెట్టి కుడి అంచు పైకి తెచ్చాను. చక్కగా కుదిరిందని వెనక్కి జరిగి చూసుకున్నాను కూడా.

సత్రం ముసలావిడ భోజనం పళ్ళాలతో లోపలికి వచ్చింది. మామాను చూసి పళ్ళాలు కింద పెట్టేసి గబగబా వచ్చింది. వంగి వంగి దణ్ణాలు పెడుతూనే పట్టీ విప్పి, అంచులు మార్చి, ఎడమది పైకి తెచ్చి కట్టింది. ఏదో చెబుతోంది, మాకు తెలియడం లేదు. పెద్దకూతురు ఫోన్ ఆమె నోటి దగ్గర పెట్టింది. ఫోన్ అరబ్బీలో పలికింది.

"కుడివైపు పైకి కట్టేది చనిపోయినవారికి."

ఆ మాట మామాకు ఎంత లోతుగా దిగిందో తర్వాత ఖాదర్‌బీ చెబితే నాకు తెలిసింది. "మాలో శవానికి సుట్టే కఫన్ గూడా అట్లే మడుస్తారక్కా. ఎడమది ముందు, కుడిది పైన. మామా వాళ్ళమ్మకు ఆ యమ్మే దగ్గరుండి మడిచినాదంట." అప్పుడు నాకిదేమీ తెలియదు. నేను నవ్వబోయాను కూడా, పొరపాటు అయిందే అని.

మామా నవ్వలేదు. పెదాలు తెల్లబడ్డాయి. నా చేతుల వైపు చూసింది, తర్వాత నా ముఖం వైపు.

"రాయి దగ్గర ఏం అడిగావు?" అంది.

"మామా, మా అమ్మాయి..."

"అబద్ధం. నా చావు అడిగావు. తర్వాత నాకు శవం బట్ట కట్టావు. సిహ్ర్!"

సిహ్ర్ అంటే చేతబడి. కువైట్‌లో పనిమనిషి మీద ఆ మాట పడితే జైలు, లేదా దేశం దాటించడం. నేను కాళ్ళ మీద పడ్డాను. చీర సంగతి చెప్పాను, నా ఓణీతోనే పమిట వేసి చూపించాను. పెద్దకూతురు, "అమ్మా, దానికేం తెలుసు, పొరపాటు" అంది. మామా చేతిలో కప్పు లేదు. ఉత్త చెయ్యే ఊపింది.

కువైట్ తిరిగి వచ్చాక టికెట్ మాట ఎత్తాను. చేతబడి చేసినదాన్ని ఇంట్లోంచి తరిమేస్తారు కదా, అలాగైనా పంపుతుందని ఒక ఆశ. ఆమె లెక్క వేరు.

"కట్టింది నువ్వు. విప్పవలసింది నువ్వు. నా మోకాళ్ళు బాగయ్యేదాకా ఈ ఇల్లు దాటవు."

"మామా, పిల్లకు నొప్పులొచ్చే రోజులు..."

కప్పు ఊపింది.

ఎవరో మతపెద్ద చదివిన నీళ్ళు తెప్పించి నా చేత తాగించింది. అవే నీళ్ళతో నా చేతులు కడిగించి, ఆ చేతులతో తన మోకాళ్ళు పట్టించుకుంది. పట్టించుకుంటూ అడిగింది, "నేను చెడ్డదాన్నా? చెప్పు." మంచిదానివే మామా అన్నాను. ఆ రోజుల్లోనే దుర్గ ప్రసవించింది. పక్కింటావిడ పురుడు పోసిందట. ఉన్ని టోపీ సంగతి ఎవరికీ గుర్తులేదు.

చాలా కాలానికి ఆమెకు మోకాళ్ళ ఆపరేషన్ అయింది. లేచి నడిచిన రోజున, "ఖలాస్, పో" అని నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, వేరేచోటికి మార్చుకోనిచ్చింది. కట్టు నేనే విప్పానని ఆమె నమ్మకం. నేను ఇంటికి వెళ్ళేసరికి మనవడు నడుస్తున్నాడు. దుర్గ నన్ను కూర్చోబెట్టి, అడిగి అడిగి వడ్డించింది, చుట్టానికి వడ్డించినట్టు. జరిగింది చెప్పబోతే ఫోన్ తీసి నారింజ గోపురం ముందు నా నవ్వు ముఖం చూపించింది.

"జపాన్ చూడ్డానికి తీసుకెళ్ళిన మనిషి నా పురుటికి పంపలేదా? ఎవరికి చెప్తావమ్మా?"

"అక్కడ బట్ట తప్పు కట్టానే. దానికి కోపమొచ్చి..."

"బట్ట తప్పు కట్టావని మనిషిని ఆపేత్తారా ఎక్కడైనా? రావాలని లేదని చెప్పు, బాధపడను. కబుర్లు చెప్పకు. ఇంకొంచెం చారు వెయ్యనా?"

అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య అంతే. ఫోన్ చేస్తే ఎత్తుతుంది. బాగున్నావా అంటే బాగున్నాను అంటుంది. అదీ మామా నా దగ్గర తీసుకుపోయినది.

శుక్రవారం క్లాసులో ఉండగా ఖాదర్‌బీ ఫోన్ చేసింది.

"అక్కా, మామా పాయ. ఆస్పత్రిలోనే. మట్టి గూడా సేసేసినారు. పెద్దపాప నీ నంబరడిగితే ఇచ్చినా. తప్పు సేసినానా?"

ఆ వెంటనే పెద్దకూతురి గొంతు వచ్చింది, రికార్డు చేసి పంపింది. ఏడుస్తోంది. "కుమారీ, మా అమ్మను క్షమించానని చెప్పు. ఒక్క మాట చాలు."

నాకు అర్థం కాలేదు. ఖాదర్‌బీని మళ్ళీ అడిగాను. "మా దాంట్లో అంతేక్కా. మనిషికి సేసిన అన్యాయం ఆ మనిషే మాఫ్ సెయ్యాల. దేవుడు గూడా మధ్యన రాడు. సచ్చిపోయే ముందు ఆ యమ్మే నీ పేరెత్తినాదంట, కుమారిని అడగండని."

"నా పేరెత్తలేదు కదే. కుమారి పేరెత్తింది."

"యాడికి పోతావక్కా నువ్వు!" అని ఖాదర్‌బీ నవ్వి, వెంటనే అయ్యో పాపం అంది.

చాప మీద అందరూ విన్నారు. నర్సమ్మగారు, "రెండు ముక్కలు రాసి పంపెయ్ సత్యవతీ, అక్షరాలు వచ్చాయిగా. పోయినావిడతో పంతమేంటి?" అన్నారు. పక్కన కూర్చున్న అమలాపురం ఆవిడ, "ఆయ్, ఊరికే ఎందుకిత్తాదండీ? మొదటిసారి వాళ్ళకి దీనితో పని పడింది, ఏదోటి అడగాలి" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట నా మనసులో పడిపోయింది.

మర్నాడు పొద్దున పనికి సెలవు చెప్పి బస్సెక్కి సబా అల్ సలేం వెళ్ళాను. చీర కట్టుకుని వెళ్ళాను. పక్కసందులో వంటింటి తలుపుంది. అటు వెళ్ళకుండా ముందు తలుపు తట్టాను. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు అప్పటికింకా కొద్దిమందే, నల్లబట్టల్లో గోడవార కూర్చున్నారు. నేను వెళ్ళి మామా కూర్చునే సోఫా చివర కూర్చున్నాను. దాని కింద ఎన్నోసార్లు తుడిచానుగానీ పైన కూర్చోవడం అదే మొదలు. మెత్తగా లేదు, లోపలి స్ప్రింగు గుచ్చుకుంది.

ఇథియోపియా పిల్ల ఒకతె కాఫీ తెచ్చి నాకు ఫింజాన్ ఇచ్చింది. అరబ్బీలో మెల్లగా పేరడిగాను. ఆ పిల్ల తలుపు వైపు చూసి, "కుమారి" అంది.

పెద్దకూతురు వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "వచ్చావా? చెప్పు, క్షమించానని చెప్పు."

"ఇప్పుడే నన్ను అడగవద్దు. ముందు మా అమ్మాయికి చెప్పు. జపాన్‌లో ఏం జరిగిందో నువ్వు చూశావు. నేను అడిగానో లేదో, మీ అమ్మ పంపిందో లేదో, అదంతా దానికి చెప్పు."

గోడవారనున్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు. "ఇప్పుడా? వీళ్ళందరి ముందా?" అంది.

"మీ అమ్మ నా చేత మంచిదానివి అనిపించుకున్నది కూడా అందరి ముందే."

దుర్గకు ఫోన్ కలిపి పైకి వినిపించేలా పెట్టి ఆమె చేతికిచ్చాను. దుర్గ డిగ్రీ చదివింది, ఇంగ్లీషు తెలుసు. పెద్దకూతురు మొదట తడబడింది. తర్వాత చెప్పింది. సత్రం, నూలు అంగీ, కుడివైపు పైకి రావడం, ముసలావిడ పరిగెత్తుకు రావడం, సిహ్ర్ అన్న మాట. "మీ అమ్మ అడుగుతూనే ఉంది. మా అమ్మ పంపలేదు. నాకు తెలిసీ ఏమీ చెయ్యలేదు" అంది. నాకు ఆ ఇంగ్లీషు పూర్తిగా అందకపోయినా ఆమె ఎక్కడెక్కడ నా వైపు చూసి తల దించుకుందో దాన్నిబట్టి అర్థం చేసుకున్నాను.

అంతా విని దుర్గ ఫోన్ నాకివ్వమంది.

"అమ్మా."

"ఊఁ."

"కుడివైపుది పైకి తెచ్చావా?"

"తెచ్చానే."

"పమిటేసినట్టు ఏసేశావా ఏంటి ఆవిడకి?"

"చేతులు అలా ఎల్లిపోయాయే."

"నీ మొహం! ఎక్కడికెళ్ళినా నీకు చీరే! ఆ ముక్క అప్పుడే సరిగ్గా చెప్పి ఏడవచ్చుగా, మొద్దుదానా!" అంది.

ఇన్నేళ్ళకు నా కూతురు నన్ను తిట్టింది. చుట్టాలను ఎవరూ తిట్టరు. సాయంత్రం మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను.

పెద్దకూతురు కళ్ళు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది. ముక్కు, గడ్డం అంతా తల్లిదే.

"చెప్పాను కదా. ఇప్పుడు చెప్పు. మా అమ్మ చెడ్డది కాదు కదా?"

గోడవార ఆడవాళ్ళు ఎదురుచూస్తున్నారు. కాఫీ పిల్ల కూజా ముక్కు నా ఫింజాన్ మీదికి వంచింది.

నేను కప్పు ఊపాను. ఆ పిల్ల చేతిలో పెట్టి, నీ పేరు సరిగ్గా చెప్పమ్మా అని అడిగి విని, ముందు తలుపు లోంచి బయటికి వచ్చేశాను.